కాలదోషము పట్టని ఋణము

క్రొత్త సంవత్సరపు మొదటి ఆదివారమున దక్షిణ ఇండియా సంఘపు దేవాలయములలో నిబంధన ఆరాధన జరుగును. ఆ యుదయమున విశ్వాసులు లేచి నిలిచి, బాప్తిస్మమందు తమ పేరట చేయబడి, యుక్తవయస్సున తాము నోటితో ఒప్పుకొనిన ప్రమాణమును మరల పలుకుదురు. 1755వ సంవత్సరము ఆగస్టు నెలలో లండను నగరమున జాన్ వెస్లీ తన సహవాసములవారిని సమకూర్చి ఇట్టి ఆరాధన జరిపించెను. మెథడిస్టు సంఘములలో అది ఏటేట జరుగు ఆచారమై, వారి ద్వారా ఇతర సంఘములకును వచ్చెను. ఆ పలుకులు గంభీరమైనవి. వానిని పలుకువారిలో ఆలోచనగలవాడు ఒక్క క్షణము ఆగి తన్ను తాను ప్రశ్నించుకొనును: మొదటి ప్రమాణము నిలిచియున్నయెడల మరల చేయుట ఎందుకు? అది నిలువనియెడల, ఒకసారి తప్పినవాడు రెండవసారి చేయు ప్రమాణమునకు విలువ ఏమి?

ఈ ప్రశ్నకు బోధకులు మాత్రమే జవాబు వెదకలేదు. అప్పిచ్చువారును, పుచ్చుకొనువారును, న్యాయస్థానములును చిరకాలముగా దీనితోనే పెనుగులాడుచున్నారు. ప్రభువు నేర్పిన ప్రార్థన మత్తయి సువార్తలో పాపమును ఋణమను పేరుతోనే పిలిచినది. కాబట్టి ఋణమును గూర్చి లోకము నేర్చుకొనిన సంగతులను విశ్వాసి విచారించుట తప్పు కాదు.

ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూరులో తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. 1931లో పార్వతీపురమునుండి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరు వరకు రైలుమార్గము పూర్తియాయెను. విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురము ప్రాంతముల బీదలకు ఆ దారి బ్రదుకుతెరువు చూపినది. రైల్వే పనికిని, కూలికిని, చిన్న వ్యాపారమునకును వచ్చినవారు అక్కడనే స్థిరపడిరి. వారిలో క్రైస్తవులైనవారు ఉదయమున హిందీ ఆరాధనకు పోయి, సాయంకాలము ఒకరి యింట కూడి తెలుగు కీర్తనలు పాడుకొనుట కలదు. అట్టి ఒక కుటుంబపు సంగతి తలంచుడి. ఇది ఏ యొక్కరి చరిత్రయు కాదు. పలువురి బ్రదుకులలోని సంగతులను కలిపి చెప్పు ఉదాహరణము.

పార్వతీపురము దాపుననున్న ఒక పల్లెటూరి యువకుడు 2011లో రాయపూరు స్టేషనువద్ద టిఫిను దుకాణము పెట్టదలచెను. చేత సొమ్ము లేదు. విధవరాలైన మేనత్త తన రెండు పాడిగేదెలను అమ్మి నలుబది వేల రూపాయలు చేతిలో పెట్టెను. చుట్టరికము చుట్టరికమే, అప్పు అప్పే అని ఊరి పెద్ద ఒకడు ప్రామిసరీ నోటు వ్రాయించి, స్టాంపు మీద సంతకము చేయించెను. మొదటి రెండేండ్లు దుకాణము సరిగా సాగలేదు. తరువాత సాగినది గాని, ఇంటి అద్దె, పిల్లల చదువు, ఒకరి జబ్బు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. మూడేండ్లు దాటెను, ఆరు దాటెను, పది దాటెను. మేనత్త కోర్టుకు పోలేదు. నోరు తెరచి అడుగనులేదు. పండుగకు ఊరికి పోయిన మేనల్లుడు ఆమె యింటి గుమ్మములో ఎక్కువసేపు కూర్చుండుట మానుకొనెను.

ఇప్పుడు దుకాణము నిలద్రొక్కుకొన్నది. కుమార్తె నర్సింగు చదువుచున్నది. అతని మనస్సు నెమ్మదిగా లేదు. తెలిసిన వకీలు నొకని అడుగగా ఆయన, “ఆ నోటుకు ఎప్పుడో కాలదోషం పట్టింది. మీరు కట్టనక్కరలేదు. కాని జాగ్రత్త, ఆవిడకు అప్పు గురించి ఒక్క ముక్క కూడా రాసి ఇవ్వవద్దు,” అని చెప్పెను. వకీలు అబద్ధము చెప్పలేదు. తన వృత్తిధర్మము చొప్పున సరియైన సలహాయే యిచ్చెను. అయితే వచ్చు ఆదివారము నిబంధన ఆరాధన. ఆ మనుష్యుడు దేవునియెదుట నిలిచి పాత ప్రమాణమును మరల పలుకవలసియున్నది. ఊరిలోనున్న మేనత్తకు వ్రాయవలసిన ఉత్తరము మాత్రము వ్రాయబడలేదు. అప్పును గూర్చిన ప్రశ్నయు, ఆరాధనను గూర్చిన ప్రశ్నయు ఒకే గుండెలో ఇట్లు ఎదురుపడుచున్నవి.

వకీలు ఆ హెచ్చరిక ఎందుకు చేసెనో గ్రహించుట మేలు. అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన ప్రామిసరీ నోటుమీద, వ్రాసిన తేదీనుండి మూడు సంవత్సరములలోగా దావా వేయవలెను. 1963 నాటి లిమిటేషన్ చట్టము ఈ గడువును విధించినది. గడువు దాటిన నోటుకు కాలదోషము పట్టినదని తెలుగువారు చెప్పుదురు. అయితే ఆ గడువును క్రొత్తగా ఆరంభింపజేయు మార్గములు మూడు కలవు. మొదటిది, గడువు తీరకముందే ఋణస్థుడు అప్పున్నదని వ్రాతమూలకముగా ఒప్పుకొని సంతకము చేయుట. రెండవది, గడువులోగా కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక తన చేతితో చెల్లు వ్రాయుట. మూడవది విశేషమైనది. గడువు తీరిపోయిన తరువాత సహితము, ఆ అప్పును పూర్తిగాగాని కొంత భాగముగాని తీర్చెదనని ఋణస్థుడు వ్రాసి సంతకము చేసినయెడల, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ఆ వాగ్దానమును చెల్లుబాటుగా ఎంచును. ఏ ప్రతిఫలమును లేని ఒప్పందము సాధారణముగా చెల్లదు. ఈ మూడవ మార్గములో ఋణస్థునికి క్రొత్తగా చేరినది ఏదియు లేదు. ఎప్పుడో పొందిన మేలు ఒక్కటే యున్నది. ఆ పాత మేలే చాలునని చట్టము ఒప్పుకొనుచున్నది.

మరియొక సంగతి గమనింపదగినది. కాలదోషము పట్టినప్పుడు పోవునది దావా వేయు హక్కే గాని ఋణము కాదని భారతదేశపు న్యాయస్థానములు చెప్పుచు వచ్చినవి. తలుపు మూయబడినది, లోపలనున్నది నశింపలేదు. కాబట్టి “కట్టనక్కరలేదు” అను మాటకు “కోర్టు కట్టింపజాలదు” అనునదే యర్థము. మనుష్యులు ఈ రెండును ఒకటేయని భ్రమపడుట వలన అనేకుల మనస్సాక్షి నిద్రపోవుచున్నది.

కాలము దేనినైనను మరపింపగలదు గాని దేనిని క్షమింపజాలదు. క్షమించుట ఒక వ్యక్తి చేయు పని. మాఫీ అగు ప్రతి అప్పును ఎవరో ఒకరు భరించుచున్నారు. 2018 డిసెంబరు 17న రాయపూరులో క్రొత్త ప్రభుత్వము పదవిని స్వీకరించిన దినముననే రైతుల స్వల్పకాలిక వ్యవసాయ ఋణములను మాఫీచేసెదమని నిర్ణయించెను. పదునారు లక్షలకు పైగా రైతులకు సుమారు 6,100 కోట్ల రూపాయల మేలు కలుగునని అప్పుడు ప్రకటించిరి. ఆ సొమ్ము గాలిలో కలిసిపోలేదు. ఆ భారము ప్రజల ఖజానా మీదికి వచ్చినది. అట్లే మేనత్త యిచ్చిన నలుబది వేలను ఎవరును తీర్చనియెడల, వానిని మేనత్తయే తీర్చినట్లగును. రెండు గేదెల పాలు లేని యిన్నియేండ్లు ఆమె చేసిన చెల్లింపులే. ఆమె మనస్సార విడిచిపెట్టినయెడల అది క్షమాపణ. ఆమె సిగ్గుచేత నోరు మెదపకయుండగా కాలము దాటిపోయినయెడల, దానికి క్షమాపణయని పేరు పెట్టుట ఆమె హక్కును రెండవసారి అపహరించుటయే.

దివాలా విషయమును ఇట్టిదే. “ఐ.పి. పెట్టినాడు” అను మాట తెలుగు పల్లెలలో తిట్టువలె వాడబడుచున్నది. ఇన్సాల్వెన్సీ పిటిషను అను మాటకు అది పొట్టిరూపము. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము నిజముగా దయతో కూడిన చట్టము. ఉన్నదంతయు కోర్టు చేతికి అప్పగించిన నిజాయితీగల ఋణస్థునికి అది విడుదల నియ్యగలదు. అతని ఆస్తి అప్పులలో రూపాయికి ఎనిమిది అణాలకు కూడ చాలనప్పుడు, అది తన దోషమువలన కలుగలేదని అతడు కోర్టును ఒప్పింపవలెను. మోసముచేసి తెచ్చిన అప్పునుండి మాత్రము అది ఎవనిని విడిపింపదు. ఏడవ యేట అప్పులు విడిచిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము పదునైదవ అధ్యాయము ఆజ్ఞాపించెను. మనుష్యుడు జీవితాంతము అప్పు క్రింద నలిగిపోకూడదను తలంపు పరిశుద్ధ గ్రంథమునకు క్రొత్తది కాదు. కాబట్టి విడుదల పొందినవానిని నిందించుట క్రైస్తవ ధర్మము కాదు.

అయితే విడుదల పొందినవాడు ఏమి చేయవలెను? అమెరికా దేశపు 1978 నాటి దివాలా చట్టము ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదమును చూపుచున్నది. ఋణస్థుడు ఇష్టపడినయెడల, విడుదలకు ముందే ఒక పాత అప్పును మరల తనమీద వేసికొనుచు ఒప్పందము చేసికొనవచ్చును. ఇల్లో వాహనమో నిలుపుకొనుటకు అనేకులు ఇట్లు చేయుదురు. అట్టి ఒప్పందమును తొందరపాటున చేయకుండునట్లు, దానిని విరమించుకొనుటకు కోర్టులో దాఖలైన పిమ్మట కనీసము అరువది దినముల వ్యవధి కలదు. ఇది గాక, ఏ ఒప్పందమును లేకుండగనే, విడుదలైనవాడు తన ఇష్టముచొప్పున పాత అప్పును తీర్చుటకు అడ్డులేదని ఆ చట్టమే చెప్పుచున్నది. కట్టుబడి తిరిగి బంధింపబడుట ఒకటి. స్వతంత్రుడై తీర్చుట మరియొకటి.

ఈ రెండవదానికి మార్క్ ట్వేన్ అను అమెరికా రచయిత ప్రసిద్ధమైన సాక్షి. 1894లో ఆయన ప్రచురణ సంస్థ కూలిపోయెను. అందరికిని పూర్తిగా చెల్లింపవలెనని చట్టము ఆయనను బలవంతపెట్టలేదు. అరువదేండ్ల ప్రాయములో ఆయన 1895లో లోకమంతట ఉపన్యాసయాత్రకు బయలుదేరి, 1896 ఆరంభమున భారతదేశమునకును వచ్చి, బొంబాయి, కలకత్తా మొదలగు పట్టణములలో ప్రసంగించి సొమ్ము కూర్చెను. 1898నాటికి అప్పులవారందరికి పూర్తిగా చెల్లించెను. ఆయన భక్తుడుగా పేరొందినవాడు కాడు. మతమును పరిహసించిన రచయిత. మతమును పరిహసించినవాడు మాట నిలుపుకొనగా, మతమును పాడువాడు వకీలు సలహా చాటున దాగుట ఎంత సిగ్గుచేటు! తనకు నష్టము కలిగినను చేసిన ప్రమాణము మార్చనివాడు దేవుని గుడారములో నివసింపదగినవాడని పదునైదవ కీర్తన బోధించుచున్నది గదా.

ఇంతవరకు చెప్పినదానిని విని, ప్రతి పాత అప్పును మరల ఒప్పుకొనుటయే ధర్మమని ఎవడైనను తీర్మానించినయెడల అతడు పొరబడును. నోటు తిరిగి వ్రాయుట బీదవానిని హింసించు పనిముట్టు కూడ కాగలదు. మూడేండ్లు నిండవచ్చినప్పుడు వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొను వడ్డీవ్యాపారి సంగతి ఏ పల్లెవాని నడిగినను చెప్పును. నోటు తిరుగవ్రాసిన ప్రతిసారి అప్పు పెరుగును, అప్పుగొన్నవాడు తరుగును. అప్పు పేరట మనుష్యునే కట్టివేయు వెట్టిచాకిరి ఇంతకంటె ఘోరమైనది. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము అట్టి అప్పులను పూర్తిగా రద్దుచేసెను. అంతటితో ఆగలేదు. రద్దయిన ఆ అప్పు క్రింద సొమ్ము పుచ్చుకొనుటయే నేరమనియు, దానికి మూడేండ్ల వరకు జైలుశిక్ష విధింపవచ్చుననియు శాసించెను. తీర్చుట ధర్మమైన అప్పులున్నట్లే, పుచ్చుకొనుటయే పాపమైన అప్పులును ఉన్నవి. నెహెమ్యా తన కాలపు ధనవంతులను గద్దించి, బీదల పొలములను, ద్రాక్షతోటలను తిరిగి యిప్పించినప్పుడు, అప్పులవారు నోటు తిరిగి వ్రాయవలెనని చెప్పలేదు.

రాయపూరు సీమకు ఈ సంగతి దూరమైనది కాదు. ఫరీదాబాదు రాతి క్వారీలనుండి విడిపింపబడిన సుమారు 135 మంది కూలీలు 1983 మార్చిలో బిలాసుపూరు జిల్లాలోని తమ గ్రామములకు చేరిరి. ఆ సీమ అప్పుడు మధ్యప్రదేశ్‌లో నుండెను. నెలలు గడచినను వారికి బ్రదుకుతెరువు చూపబడలేదని పత్రికారచయిత్రి నీరజా చౌదరి సుప్రీంకోర్టుకు విన్నవింపగా, 1984లో తీర్పు వచ్చెను. విడిపించి వదలివేసినంతమాత్రమున చాలదు, వారికి జీవనోపాధి కల్పింపనియెడల వారు మరల దాస్యములోనికే పోవుదురు అనునది ఆ తీర్పులోని సారాంశము. ఊడ్చి ఖాళీగా విడిచిన యింటిలోనికి వెళ్లిపోయిన అపవిత్రాత్మ మరి యేడుగురిని వెంటబెట్టుకొని వచ్చునని ప్రభువు చెప్పిన ఉపమానమునకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము దొరుకదు.

ఇప్పుడు నిబంధన ఆరాధనవద్దకు తిరిగి పోవచ్చును. విశ్వాసి ఆ ఉదయమున మరల పలుకునది ఏ ఋణము?

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో అపొస్తలుడు మనుష్యులకు విరోధముగానుండిన ఋణపత్రమును గూర్చి చెప్పి, దేవుడు దానిని తుడిచివేసి సిలువకు మేకులతో కొట్టెనని సాక్ష్యమిచ్చుచున్నాడు. దానికి కాలదోషము పట్టలేదు. దేవుడు మరచిపోయినందున అది పోలేదు. మాఫీయైన ప్రతి అప్పును ఎవరో భరింపవలెను గదా. ఈ అప్పును కుమారుడు భరించెను. కాబట్టి ఆ పత్రమును ఎవడును తిరిగి వ్రాయరాదు. దాస్యమను కాడిక్రింద మరల చిక్కుకొనవద్దని గలతీయులకు వ్రాసినప్పుడు పౌలు చెప్పినది ఇదియే. రద్దయిన వెట్టి అప్పు క్రింద కూలి తిరిగి కట్టబోయినయెడల చట్టము అడ్డుపడునట్లు, క్షమింపబడిన పాపమునకు విశ్వాసి తన కన్నీళ్లతోను ఉపవాసములతోను వెల కట్టబోయినప్పుడు సువార్త అడ్డుపడుచున్నది.

ఈ హెచ్చరిక సంఘమునకు అవసరమైనది. ప్రతి కన్వెన్షనులోను చెయ్యెత్తి, ప్రతిసారి వెనుకటికంటె గొప్ప తీర్మానము చేసి, నెల తిరుగకముందే క్రుంగిపోవు యువజనులు కలరు. వారు చేయునది వడ్డీని అసలులో కలిపి నోటు తిరిగి వ్రాయుటయే. నిరుడు తప్పిన ప్రమాణపు సిగ్గు ఈ యేటి ప్రమాణములో కలియును, మొత్తము పెరుగును, తీర్చు శక్తి తరుగును. వారిచేత ఇట్లు వ్రాయించు బోధకుడు తాను ఎవని పోలికలోనున్నాడో పరీక్షించుకొనవలెను.

అట్లయిన నిబంధనను నూతనపరచుట వ్యర్థమా? కాదు. రద్దయినది శిక్షాపత్రము, నిలిచియున్నది ప్రేమ ఋణము. దేవుడు అబ్రాహాముతో చేసిన వాగ్దానమును, నాలుగు వందల ముప్పది యేండ్ల తరువాత వచ్చిన ధర్మశాస్త్రము సహితము కొట్టివేయలేదని పౌలు వాదించెను. మనుష్యుల నోటుకు ఆయుస్సు మూడేండ్లు. దేవుని మాటకు గడువు లేదు. ఆయన తన పక్షమున దేనిని తిరిగి వ్రాయనక్కరలేదు. మరచువాడు మనుష్యుడే గనుక మరల పలుకవలసినవాడును మనుష్యుడే. షెకెములో యెహోషువ జనులను సమకూర్చినప్పుడు మొదట వారి బాధ్యతలను చదువలేదు. అబ్రాహాము తండ్రి కాలమునుండి వారు పొందిన మేలులను వరుసగా జ్ఞాపకము చేసెను. ఆ పిమ్మటనే, ఎవని సేవింతురో కోరుకొనుడని వారిని అడిగెను. క్రొత్త ప్రతిఫలము ఏదియు చూపలేదు. పాత మేలే చాలెను.

చట్టము చూపిన మూడు మార్గములును ఇక్కడ ఆత్మసంబంధమైన పోలికలుగా నిలుచును. మొదటిది ఒప్పుకోలు. అప్పున్నదని ఒప్పుకొనుచునే కట్టనని చెప్పినను ఆ వ్రాత ఒప్పుకోలుగానే చెల్లవచ్చునని లిమిటేషన్ చట్టము చెప్పుట విచిత్రము. దేవుడొక్కడేయని దయ్యములు సహితము నమ్మి వణకుచున్నవని యాకోబు వ్రాసినది ఇట్టి ఒప్పుకోలును గూర్చియే. విశ్వాసప్రమాణమును తప్పులేకుండ వల్లించి అక్కడనే ఆగిపోయినవాడు, కట్టనని చెప్పుచు అప్పును ఒప్పుకొనినవాడు. రెండవది గడువు తీరిన తరువాత చేయు వాగ్దానము. ప్రభువును ముమ్మారు ఎరుగనని బొంకిన పేతురునకు ఇక ఏ హక్కును మిగిలియుండలేదు. తిబెరియ సముద్రతీరమున ప్రభువు అతనిని పాత ప్రగల్భమును మరల పలుకుమని అడుగలేదు. అందరు విడిచినను విడువనను ఆ పెద్ద మాటను జ్ఞాపకము చేయనులేదు. ప్రేమించుచున్నావా అని ముమ్మారు అడిగి, ప్రతిసారి ఒక పని అప్పగించెను. గొఱ్ఱెలను మేపుట ఆ పని.

ఆ పనియే మూడవ మార్గము, అదియే చెల్లు. నోటు వెనుక వ్రాయబడిన చిన్న చెల్లు, గొప్ప మాటలతో కూడిన క్రొత్త నోటుకంటె నమ్మదగినది. ఐదువందలు కట్టి తన చేతితో సంతకము చేసినవాడు మొత్తము ఋణమును బ్రదికించుచున్నాడు. రోగిని చూడబోవుట, పగవానితో మాటలాడుట, దశమభాగమును మరల తీసిపెట్టుట, ఆగిపోయిన కుటుంబ ప్రార్థనను ఒక రాత్రి మరల ఆరంభించుట, ఇవి చెల్లులు. వీనివలన ప్రేమ ఋణము తీరదు. తీరదనియే పౌలు రోమీయులకు వ్రాసెను. అవి దానిని బ్రదికించియుంచును.

ఈ చెల్లు ఎవరికి కట్టవలెను? దేవునికి అర్పణ తెచ్చినవాడు, సహోదరునికి తనమీద విరోధమేమైన కలదని జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణను బలిపీఠమునెదుట విడిచి ముందుగా అతనియొద్దకు పోవలెనని ప్రభువు ఆజ్ఞాపించెను. దేవుని క్షమాపణ మేనత్త నోటును కొట్టివేయదు. ఒనేసిము వలన ఫిలేమోనునకు కలిగిన నష్టమును గూర్చి పౌలు వ్రాసినప్పుడు, క్రీస్తు అందరి ఋణమును తీర్చెను గనుక నీ నష్టము చెల్లదని చెప్పలేదు. అది తన లెక్కలో వేయుమనియు, తానే తీర్చెదననియు తన స్వహస్తముతో వ్రాసెను. కృపను గూర్చి ఎవరికంటెను ఎక్కువగా బోధించిన అపొస్తలుని చేతివ్రాతలో ఒక ప్రామిసరీ నోటు పరిశుద్ధ గ్రంథములో నిలిచియున్నది! జక్కయ్య యింటికి రక్షణ వచ్చిన దినముననే అతడు అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి యిత్తునని లేచి నిలిచెను. కృప అతని లెక్కలను చింపివేయలేదు. వానిని తెరచి చూచు ధైర్యమిచ్చినది.

ఇందులో ఒక జాగ్రత్త అవసరము. దుకాణము పోయి, పిల్లలకు అన్నము లేనివానిని ఉత్తరము వ్రాయుమని సంఘము బలవంతపెట్టరాదు. శక్తిలేనివాడు నిజము చెప్పి క్షమాపణ అడిగినను అదియు ఒక చెల్లే. చేత సొమ్ముండియు గడువు చాటున దాగినవాని సంగతి వేరు.

రాయపూరులోని ఆ మనుష్యుడు శనివారము రాత్రి దుకాణము మూసి, కాగితము ముందు పెట్టుకొని కూర్చుండెననుకొనుడి. నలుబది వేలు బాకీయున్నాననియు, నెలకు రెండు వేల చొప్పున తీర్చెదననియు నాలుగు పంక్తులు వ్రాసి సంతకము చేసెను. వకీలు వద్దన్న పని ఇదియే. చట్టము మేనత్త చేతినుండి తీసివేసిన హక్కును అతడు తన చేతితో తిరిగి ఆమె చేతిలో పెట్టెను. మరునాడు ఆరాధనలో అతని గొంతు పెద్దగా లేచియుండదు. అయినను అతడు పలికిన ప్రమాణము వెనుక ఒక చెల్లు ఉండెను.

మేనత్త ఏమనును? ఏమియు వద్దని కౌగిలించుకొనునని కథకులు వ్రాయుదురు. ఉత్తరము అందిన పిమ్మట ఆమె ఫోనులో ఇట్లు చెప్పుట ఎక్కువ సంభవము: “నోటు ఎప్పుడో చెదలు తినేసింది నాయనా. నువ్వు మరిచిపోయావనుకున్నాను. వడ్డీ వద్దులే. ఆ డబ్బు వస్తే వానాకాలంలోగా పెంకులు మార్పించుకుంటాను.” ఇన్నియేండ్లు ఆమె యింట వాన కురియుచునేయుండెను. అతని మౌనమునకు వెల ఎవరు చెల్లించుచుండిరో అతనికి అప్పుడు తెలియును. వడ్డీ విడిచిపెట్టుట ఆమె చేసిన క్షమాపణ. ఆ హక్కు ఆమెది, ఆమె దానిని వాడుకొనెను.

నోటును చెదలు తినవచ్చును, సాక్షులు చనిపోవచ్చును, గడువు తీరవచ్చును. మేలు పొందినవాని మనస్సులో ఆ మేలు బ్రదికియున్నంత కాలము ఋణము బ్రదికియే యుండును. క్రొత్త సంవత్సరమున ప్రభువునెదుట నిలువబోవు ప్రతి విశ్వాసియు, నోరు తెరచుటకు ముందు, తన నోటు వెనుక నేటివరకు ఏ చెల్లును పడని పొరుగువాడు ఎవడో జ్ఞాపకము చేసికొనునుగాక. ఆ పేరు జ్ఞాపకము వచ్చినప్పుడు, ఆదివారము రాకముందే ఉత్తరము వ్రాయును గాక.